రెండు కుర్చీల బాబాయి గారు

మొన్న పళ్ళ డాక్టరు దగ్గర నా వంతు కోసం కూర్చుని ఉండగా, గోడమీది టీవీలో ఇద్దరు ఇంగ్లీషు పెద్దమనుషులు వాదించుకుంటున్నారు. బ్రిటన్ యూరోపియన్ యూనియన్ నుంచి బయటికి రావాలని ఓటేసి పదేళ్ళయిందట. దేశం బాగుపడిందని ఒకాయన, నిండా మునిగిందని ఇంకొకాయన. ఇద్దరి చేతుల్లోనూ కాగితాలున్నాయి. అదే రేవు, అవే లారీలు, అవే దుకాణాలు చూపించి ఇద్దరూ రెండు రకాలుగా చెబుతున్నారు. వర్జీనియాలో పన్ను పీకించుకోవడానికి వచ్చిన నాకెందుకీ గొడవ అనుకుని, చానెల్ మార్పించుకుందామని లేచాను. లేచి, సగం దూరం వెళ్ళి ఆగిపోయాను. వాళ్ళిద్దరూ చెప్పేవన్నీ నేను ఇదివరకే విన్నాను. అన్నీ ఒకే మనిషి నోట విన్నాను. ఆ మనిషి పోయి అయిదు నెలలు దాటింది.

ఆయన్ని నేను బాబాయి గారు అనేదాన్ని. మా ఊరు షాంటిలీలో ఆ వయసు వాళ్ళందరూ అంకుల్సే. ఆయన మాత్రం మొదటిరోజే ఒప్పుకోలేదు. ఇంగ్లండులో పాతికేళ్ళపాటు ఊరందరికీ అంకుల్‌గా ఉండి విసుగెత్తిపోయిందనీ, ఇక్కడైనా వరస పెట్టి పిలవమనీ అడిగారు. పిలిచాను. వరస కలిపాక వాళ్ళ ఇంటి తగువులో కూడా నాకు చోటు దొరుకుతుందని అప్పుడు తోచలేదు.

నేను లైబ్రరీలో వారానికి నాలుగు రోజులు పని చేస్తాను. తిరిగొచ్చిన పుస్తకాలు సర్దడం, మీటింగ్ రూమ్ బుకింగులు చూడటం నా వంతు. శుక్రవారం పొద్దున పదిన్నరకి చిన్న మీటింగ్ రూములో మన తెలుగు పెద్దలు పదిమంది దాకా చేరతారు. పిల్లల దగ్గర ఆర్నెల్లుండి పోవడానికి వచ్చినవాళ్ళు కొందరు, గ్రీన్ కార్డుతో ఉండిపోయినవాళ్ళు కొందరు. వార్తల మీద మాట్లాడుకోవడం వాళ్ళ కార్యక్రమం. బాబాయి గారి కూతురు ఇక్కడే స్థిరపడింది. ఆ అమ్మాయి స్పాన్సర్ చేస్తే భార్యాభర్తలిద్దరూ ఇంగ్లండు నుంచి వచ్చేశారు. గది తాళం నా దగ్గరుంటుంది కాబట్టి ఆ వాదనలు వినాల్సిన ఖర్మ కూడా నాదే. ఖర్మ అని ఊరికే అంటున్నాను. ఆయన వచ్చాక నేను శుక్రవారాలు సెలవు పెట్టడం మానేశాను.

పొట్టి మనిషి. జులైలో కూడా చేతుల్లేని ఊలు స్వెట్టర్ వేసుకునేవారు. గదిలోకి రాగానే చేతికి అందిన వస్తువు తిరగేసి అడుగున చదివేవారు. కాఫీ కప్పు, స్టేప్లర్, గోడగడియారం, ఆఖరికి తను కూర్చోబోయే కుర్చీ. ఎక్కడ తయారైందో అక్కడ రాసి ఉంటుంది కదా, అది చూడందే ఆయనకి కుదురు ఉండదు. మా ఇంటికి భోజనానికి పిలిచిన రోజు పప్పు గిన్నె పైకెత్తి, అందులో పప్పుందని గుర్తొచ్చి దించారు. అది ఉద్యోగం నేర్పిన అలవాటు. ఇంగ్లండులో ఒక రేవు పట్టణంలో, సరుకు లారీలకి కస్టమ్స్ కాగితాలు రాసిపెట్టే కంపెనీలో ఆయన గుమస్తా. ఏ వస్తువు ఏ దేశానిదో తేల్చి రాయడమే పని.

గోష్ఠిలో ఆయన పెట్టిన పద్ధతి ఇంకా వింతగా ఉండేది. అందరూ అమెరికా టారిఫ్‌ల గురించో, వీసాల గురించో మొదలుపెడతారు. పావుగంటలో ఆయన దాన్ని లాక్కెళ్ళి బ్రిటన్ బయటికి రావడం దగ్గర నిలబెడతారు. ముందు తలుపు పక్క కుర్చీలో కూర్చుని, వచ్చేయడమే మంచిదయిందని వాదించేవారు. మన ఇంటి చట్టం పక్కవీధి వాళ్ళు రాస్తే ఎంతకాలం పడి ఉంటామండీ అనేవారు. వాళ్ళ ఊరి చేపల పడవలు ఎలా మూలపడ్డాయో చెప్పేవారు. చెబుతుంటే మెడ నరాలు ఉబ్బేవి. తర్వాత ఫ్లాస్కుల్లో తెచ్చుకున్న టీ తాగే విరామం. విరామం కాగానే ఆయన లేచి, గది దాటి, కిటికీ పక్క కుర్చీలో కూర్చునేవారు. అక్కణ్ణించి, బయటికి రావడమంత బుద్ధితక్కువ పని ఇంకోటి లేదని అంతే గట్టిగా వాదించేవారు. ఇరవైమంది ఖాతాదారులున్న కొట్టుకి మనమే షట్టర్ దించి, ఇప్పుడు బేరం లేదని ఏడిస్తే ఎలాగండీ అనేవారు. మళ్ళీ అవే నరాలు ఉబ్బేవి.

మొదట్లో మతిమరుపనుకున్నారు. వాళ్ళమ్మాయితో చెప్పి డాక్టరుకి చూపించమని ఒకావిడ నా చెవిలో వేసింది కూడా. వరంగల్ నుంచి వచ్చిన లెక్కల మాస్టారు ఒకాయన ఉండేవారు. ఆయనకి రెండుపక్కలా సమానం కాని లెక్కంటే మంట.

"ఏందన్నా ఇది. టీ తాగకముందు పోవాలంటివి, తాగినంక ఉండాలంటున్నవు. నువ్వు ఏ దిక్కు?" అన్నారొకసారి.

బాబాయి గారు కప్పు తిరగేసి చూసి, చైనా అని చెప్పి, మాట దాటేశారు.

ఎవరో ఒకరు దీన్ని మన రాష్ట్రం విడిపోవడంతో పోల్చకుండా ఉండేవారు కాదు. పోల్చిన మరుక్షణం గది నిలువునా చీలిపోయేది. హైదరాబాదు ఎవరి చలవ అన్నదగ్గర గుంటూరు వాళ్ళకీ వరంగల్ మాస్టారికీ అంటుకునేది. అప్పుడు బాబాయి గారు చెయ్యెత్తి ఆపేవారు. అది ఇంటి తగువనీ, ఇంటి తగువు మాట్లాడుకుంటే మనసులు విరిగిపోతాయనీ, ఇదైతే పరాయి తగువు గనక హాయిగా ఎంతసేపైనా పోట్లాడుకోవచ్చనీ చెప్పేవారు. అందరూ నవ్వి సర్దుకునేవారు. నేనూ నవ్వేదాన్ని. వెనక గోడకి ఆనుకుని కూర్చున్న ఆయన భార్య ఒక్కరే నవ్వేవారు కాదు.

పిన్నిగారు ఆయనకంటే జానెడు పొడుగు. గోష్ఠిలో మాట్లాడేవారు కాదు. ఇంటి అలంకరణ పత్రికేదో ఒళ్ళో పెట్టుకుని పేజీలు తిప్పుతూ ఉండేవారు. అందరూ కుర్చీలు సర్దడానికి లేచే వేళకి మాత్రం, పత్రిక మూయకుండానే, ప్రతి శుక్రవారం ఒకే మాట అనేవారు.

"అన్నీ చెప్పారు. నా ఓటు ఎటు వేశారో కూడా చెప్పమనండి."

బాబాయి గారు ఆ మాట వినపడనట్టు ఖాళీ కప్పులు ఏరుకుంటూ ఉండిపోయేవారు. కొత్తలో ఇదొక హాస్యం అనుకుని నవ్వాం. పోనుపోను ఆ మాట వచ్చే వేళకి అందరం ఎవరి సంచులు వాళ్ళు వెతుక్కోవడం మొదలుపెట్టాం.

సంగతేమిటో పిన్నిగారే నాకు చెప్పారు. పదేళ్ళ కిందట కూతురి మొదటి పురిటికి ఆవిడ ఇక్కడికి వచ్చారు. యూనియన్‌లో ఉండాలా, పోవాలా అన్న ఓటింగు సరిగ్గా అప్పుడే పడింది. మనం ఊళ్ళో లేకపోతే మన ఓటు ఇంకొకరిచేత వేయించుకునే వీలు అక్కడుంది. ఆవిడ భర్తకి ఆ అధికారం ఇచ్చారు. ఆ ఫారం కూడా ఆయనే నింపి, సంతకానికి పెట్టారు. ఉండాలని ఆవిడ, పోవాలని ఆయన. ఇద్దరికీ ఒకరి సంగతి ఒకరికి తెలుసు. అయినా నా మాట ప్రకారమే వేస్తారు కదా అని ఆవిడ అడిగితే, వేస్తానని ఆయన మాటిచ్చారు. పోవాలన్నవాళ్ళే గెలిచారు. తన ఓటు కూడా ఆయన తన వైపే గుద్దేసుకున్నారని పిన్నిగారి నమ్మకం.

ఓటు పోతే పోయింది, పదేళ్ళు పట్టుకుని వేలాడటం ఎందుకని నాకూ అనిపించింది. అడిగేశాను. ఆవిడ అప్పుడు తన పచ్చళ్ళ గురించి చెప్పారు. యూరప్‌లో చదువుకునే తెలుగు పిల్లలకి ఆవిడ పచ్చళ్ళు పంపేవారు. ఫ్రాంక్‌ఫర్ట్, డబ్లిన్, ఆమ్‌స్టర్‌డామ్. తణుకు నుంచి ఏలూరుకి పంపినంత సులువుగా డబ్బాలో పెట్టి, స్టాంపు అంటించి పోస్టులో వేసేవారు. అడిగేవాడు లేడు. ఓటింగు అయిన కొన్నేళ్ళకి నిజంగా బయటికి వచ్చాక ప్రతి సీసాకీ ఒక ఫారం మొదలైంది. అవతల పిల్లలు సుంకం కట్టి విడిపించుకోవాలి. కట్టలేక వద్దన్నారు. పార్సిళ్ళు నూనె కారుతూ వెనక్కి వచ్చేవి. ఏడాది తిరక్కుండా ఆవిడ మానేశారు. వెనక్కి వచ్చిన సీసాల్ని వంటింట్లో వరసగా పెట్టుకుని ఎన్నాళ్ళో చూస్తూ ఉండిపోయానని చెప్పారు.

అదే ఏడాది బాబాయి గారి ఆఫీసులో పని రెట్టింపయింది. అంతకుముందు, ఇక మీ అవసరం లేదు, ముందే రిటైరవమని సూచించారట. బయటికి వచ్చాక లారీ కదిలితే కాగితం కావాలి. ఆయన్ని బతిమాలి ఉంచుకున్నారు. ఆవిడ పని తీసేసిన ఫారమే ఆయన పని నిలబెట్టింది. పగలంతా ఆ ఫారాలు నింపి, సాయంత్రం ఆ ఫారాల వల్ల వెనక్కి వచ్చిన పార్సిళ్ళున్న ఇంటికి చేరేవారు. బాగుపడ్డాం, మునిగిపోయాం అని టీవీలో కొట్టుకుంటున్న ఆ ఇద్దరినీ ఒకరోజు ఆ వంటింట్లో కూర్చోబెట్టాల్సింది.

ఆ ఫారంలో ఒక గడి ఉంటుందట, వస్తువు ఏ దేశంలో పుట్టింది అని. ఒక శుక్రవారం గోష్ఠి మొత్తం ఆ గడి మీదే నడిచింది. ఆవకాయ ఏ దేశానిది అని బాబాయి గారు ప్రశ్న వేశారు. కాయ ఆఫ్రికా నుంచి వచ్చింది, కారం గుంటూరుది, ఆవాలు కెనడావి, ఉప్పు ఇంగ్లండుది, కలిపిన చెయ్యి తణుకుది. తలుపు పక్క కూర్చుని, సరుకు రూపం ఎక్కడ మారితే ఆ దేశానిదే అవుతుంది గనక అది నూటికి నూరుపాళ్ళు బ్రిటిష్ ఆవకాయ అని నిరూపించారు. టీ అయ్యాక కిటికీ దగ్గరికి వెళ్ళి, ఇన్ని దేశాలు కలిస్తే గాని కాని దాన్ని ఒక్క దేశం పేరు రాయమనడమే అన్యాయమన్నారు. చెయ్యి ఎవరిదైతే ఆవకాయ వాళ్ళదే అని వరంగల్ మాస్టారు తీర్మానించారు. గంటసేపు గదిలో అందరికీ నోరూరిపోయింది.

"ఆవకాయ నాది," అన్నారు వెనక నుంచి పిన్నిగారు. "ఓటూ నాదే. అది ఎటు వేశారో అడగండి."

ఆరోజు నాకు బాబాయి గారి మీద నిజంగా కోపం వచ్చింది. ఈ కుర్చీ నుంచి ఆ కుర్చీకి మారి అందర్నీ మురిపించే మనిషి, కట్టుకున్న ఆవిడ అడిగిన ఒక్క మాటకి జవాబు చెప్పలేరా? ఆవిడ నమ్మి ఇచ్చింది ఒక్కటే, అదీ కాజేశారు. మాస్టారి లాగే నాకూ ఆయన ఏ దిక్కో అర్థమయ్యేది కాదు. అయినా దొంగ అని మాత్రం తీర్పు చెప్పేసుకున్నాను. వరస కలిపాను కదా, ఆ చొరవ కొద్దీ.

తర్వాత ఒక మంగళవారం మధ్యాహ్నం ఆయన ఒక్కరే లైబ్రరీకి వచ్చారు. దేశం వదిలి ఎన్నేళ్ళయినా ఓటు ఉంచుకోవచ్చని బ్రిటన్‌లో చట్టం మారిందట. ఆ ఫారాలు ప్రింట్ చేసి ఇమ్మని అడిగారు. ఇద్దరివీ తీసి ఇచ్చాను. తన ఫారం పెద్ద అక్షరాలతో, ఒక్క కొట్టివేత లేకుండా పదినిమిషాల్లో నింపేశారు. పిన్నిగారిది ముందు పెట్టుకుని మాత్రం ఊరికే కూర్చున్నారు. దానికి జతగా, ఓటు ఇంకొకరిచేత వేయించుకోవడానికి పెట్టే దరఖాస్తు కూడా ఉంది. ఆయన చూపు దాని మీదే ఉంది. నా నోరు ఊరుకోలేదు.

"పిన్నిగారిది ఈసారి నేను నింపుతాలెండి బాబాయి గారూ," అన్నాను.

తగలాలనే అన్నాను. తగిలింది. ఆయన పెన్ను మూత పెట్టి బల్లమీద ఉంచారు.

"నేను వెళ్ళలేదు అమ్మాయ్," అన్నారు.

నాకు వెంటనే అర్థం కాలేదు. ఎక్కడికి అని అడిగాను. ఓటెయ్యడానికి, అన్నారు. ఆవిడదీ వెయ్యలేదు, తనదీ వెయ్యలేదు.

తర్వాత ఆయన చెప్పుకుంటూ పోయారు. పురిటికి బయల్దేరేముందు పిన్నిగారు ఆవకాయ కలిపి సీసాలకెత్తి, ఎవరికి ఏ తేదీన పంపాలో కాగితం రాసి ఫ్రిజ్‌కి అంటించి వెళ్ళారట. ఓటింగు రోజున పదకొండు పార్సిళ్ళు పంపాలి. ఆఫీసు నుంచి ముందే వచ్చేశారు. కుండపోత వాన. పదకొండు డబ్బాలూ తడవకుండా చెత్తబుట్టలో వేసే నల్లసంచుల్లో చుట్టి, రెండు విడతలుగా పోస్టాఫీసుకి మోశారు. మూసేసే వేళకి ఆఖరిది తూకం వేయించారు. బూత్ ఇంకో రెండు వీధుల అవతల ఉంది, టైమూ బోలెడుంది. ఇంటికి వచ్చి తల తుడుచుకుని, టీ పెట్టుకుని కూర్చున్నారు. కూర్చుని లెక్క వేశారు. తనది పోవాలని ఒక ఓటు, ఆవిడది ఉండాలని ఒక ఓటు. రెండూ వేస్తే చెల్లుకు చెల్లు. ఒకదాన్నొకటి కొట్టేసుకునే రెండు కాగితాల కోసం మళ్ళీ ఆ వానలోకి వెళ్ళడమెందుకు అనిపించింది. కుర్చీలోనే కునుకు పట్టింది.

లెక్కలో తప్పు లేదు. అదే నన్ను ఇప్పటికీ తికమక పెడుతుంది. ఆయన వెళ్ళినా వెళ్ళకపోయినా ఆ దేశానికి ఒరిగేదేమీ లేదు.

మర్నాడు ఫలితం తెలిసి పిన్నిగారు ఇక్కణ్ణించి ఫోను చేశారట. వేశారా అని అడిగారు. వేశానన్నారు. నాది ఎటు వేశారని అడిగారు. ఆ అడగడంలోనే అనుమానం వినిపించి ఆయనకి పౌరుషం పొడుచుకొచ్చింది. నువ్వు చెప్పిన చోటేనని కసిరారు. ఆవిడ నమ్మలేదు. ఒకసారి వేశానన్నాక ఆ మాట వెనక్కి తీసుకునే దారి దొరకలేదు.

మరి ఇన్నేళ్ళలో చెప్పేయొచ్చు కదా అన్నాను. వేసి మోసం చేశారని ఆవిడ కుమిలిపోతుంటే, అసలు వెయ్యలేదన్నది అంతకంటే చిన్న తప్పే కదా అన్నాను. ఆయన నా వంక జాలిగా చూశారు.

"మోసం చేశాననుకుంటే పోట్లాడుతుంది. పోట్లాట మాకు అలవాటే. నేను వెళ్ళనే లేదని తెలిస్తే మాట్లాడటం మానేస్తుంది. కాజేశానంటే, కాజేసేంత విలువైనా దానికి ఉన్నట్టే కదా అమ్మాయ్. నేను దాన్ని జేబులో పెట్టుకుని నిద్రపోయాను."

కుర్చీల సంగతి అప్పుడు అడిగాను. తలుపు పక్కది తన ఓటనీ, కిటికీ పక్కది పిన్నిదనీ చెప్పారు. ఆవిడ ఎదుట ఆ వాదన తను నోరారా వాదిస్తే, వెయ్యనిది ఎంతోకొంత వేసినట్టు అవుతుందని మొదలుపెట్టారట. రాను రాను ఆవిడ కుర్చీలో కూర్చున్నప్పుడే గొంతు బాగా లేస్తోందనీ, అలాగని తలుపు దగ్గర చెప్పేదీ అబద్ధం అనిపించడం లేదనీ, తను ఏది నమ్ముతున్నారో తనకే తెలియడం మానేసిందనీ అన్నారు. పిన్నిగారి ఫారం ఖాళీగానే మడిచి జేబులో పెట్టుకున్నారు. ఈ సంగతి ఎవరికీ చెప్పొద్దని గాని, చెప్పమని గాని అనలేదు.

ఆ తర్వాతి శుక్రవారాలు నాకు నరకం. నా ఓటు ఎటు వేశారని పిన్నిగారు అన్నప్పుడల్లా, తప్పు చేసింది నేనైనట్టు కిందికి చూసేదాన్ని. రెండుసార్లు ఆయన్ని పక్కకి పిలిచి, చెప్పేయమని బతిమాలాను. వచ్చే శుక్రవారం చెబుతాననేవారు. ఆయన మీద కోపం పోయి జాలి వచ్చింది. జాలి మీద మళ్ళీ కోపం వచ్చింది. ఆ మనిషిని ఏ వైపు నుంచి చూడాలో నాకు పాలుపోలేదు. ఈసారి ఆవిడ ఎదుటే నేను చెప్పేస్తానని ఎన్నిసార్లో నిశ్చయించుకుని, తలుపు తాళం తీసి, కుక్కిన పేనులా కూర్చున్నాను.

జనవరిలో మంచు పడిన ఒక పొద్దున్న, కారు అద్దం మీది మంచు గీకుతూ పడిపోయారు. ఆస్పత్రికి చేరేసరికే అయిపోయింది. అప్పటికే వరంగల్ తిరిగి వెళ్ళిపోయిన మాస్టారు వాట్సాప్‌లో గొంతు పంపారు. "మా అన్న ఏ దిక్కో చెప్పకుండనే పాయె," అన్నారు. ఆయన ఏ దిక్కూ వెయ్యలేదని నాకు తెలుసు, తెలిసి కూడా చెప్పలేను. ఆ గొంతు నేను నాలుగుసార్లు విన్నాను.

మార్చి మొదట్లో పిన్నిగారు లైబ్రరీకి వచ్చారు. ఆయన పేరున తీసుకున్న పుస్తకాలు మూడు సంచిలో తెచ్చి నా ముందు పెట్టారు. మనిషి చిక్కిపోయి ఇంకా పొడుగ్గా కనిపించారు. కౌంటరు దగ్గర వెనక ఎవరూ లేరు. కుర్చీ వేస్తే కూర్చున్నారు.

"ఆయన నీతో చాలా మాట్లాడేవారు కదమ్మా. నా ఓటు సంగతి ఎప్పుడైనా అన్నారా?" అని అడిగారు.

నేను పుస్తకాల అట్టలు తుడుస్తూ ఉండిపోయాను. ఆవిడ మళ్ళీ అన్నారు.

"ఎటు వేసినా ఇప్పుడు కోపం లేదు. తెలియాలి, అంతే. మాట నిలబెట్టుకున్న మనిషి కోసం ఏడవాలో, నన్ను మోసం చేసిన మనిషి కోసం ఏడవాలో తెలియక, ఏడుపు కూడా సరిగ్గా రావడం లేదు."

మీరు చెప్పిన చోటే వేశారు అనేస్తే సరిపోయేది. నాలుగు మాటలు. అడిగేవాళ్ళు లేరు, సాక్ష్యం లేదు, ఆవిడకి ఊరట. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. పదేళ్ళుగా ఒక అబద్ధంతో కాపురం చేసిన మనిషికి నేను ఇంకొకటి అంటగట్టలేకపోయాను. అదే కారణమో, మోయలేక దించేసుకున్నానో, ఇప్పటికీ తేల్చుకోలేదు.

"బాబాయి గారు వెళ్ళలేదు పిన్నిగారూ. మీదీ వెయ్యలేదు, ఆయనదీ వెయ్యలేదు," అన్నాను.

తర్వాత అంతా చెప్పాను. వాన, నల్లసంచులు, పోస్టాఫీసు, చెల్లుకు చెల్లు లెక్క, ఫోను, కుర్చీలు. నిద్రపోయాను అన్న మాట కూడా దాచలేదు. ఆవిడ మొహం చూసి ఏమీ పోల్చుకోలేకపోయాను.

"పదకొండూ పంపారా?" అన్నారు.

పంపానన్నారని చెప్పాను.

"డబ్లిన్‌ది కూడానా? దానికి అడ్రసు సగమే రాసి వెళ్ళాను." కాసేపు ఆలోచించుకుని ఆవిడే తల ఊపారు. "అందింది. ఆ అమ్మాయి ఫోను చేసింది. అంటే ఎవరినో అడిగి రాసే ఉంటారు."

సంచి మడత పెట్టుకున్నారు. లేస్తారనుకున్నాను. లేవలేదు.

"మరి నాతో ఎందుకు చెప్పలేదట?"

"చెబితే మీరు మాట్లాడటం మానేస్తారని భయపడ్డారు పిన్నిగారూ."

ఆవిడ ఆ మాటని తేలిగ్గా తీసిపారేయలేదు. అలాంటిది జరిగి ఉంటే తను ఏం చేసి ఉండేవారో నిజాయితీగా వెతుక్కుంటున్నట్టు, నా వెనక ఉన్న పుస్తకాల వైపు చూస్తూ ఉండిపోయారు.

"మానేసేదాన్నే," అన్నారు. "ఒక నెల మానేసేదాన్ని. మహా అయితే రెండు నెలలు."

చేతిలో సంచి మడత ఊడదీసి, మళ్ళీ మడిచారు.

"తర్వాత మాట్లాడేదాన్ని కదమ్మా," అన్నారు.